ఆటగాడు కుప్పకూలిన మ్యాచ్‌ను మళ్లీ మొదలుపెట్టవచ్చా?

రెఫరీ, కందుకూరు

ఈ సంక్రాంతికి మా దగ్గర జరిగింది రాస్తున్నాను. ఊరి పేరు, కమిటీ పేరు రాయను. జరిగినదాంట్లో నా తప్పు కూడా ఉంది.

కనుమ రోజు సెమీస్. ఏడుగురి ఫుట్‌బాల్, హైస్కూల్ గ్రౌండ్. రెండో సగం మొదలై పది నిమిషాలు అయి ఉంటుంది. ఎడమ వైపు ఆడే కుర్రాడికి 19 ఏళ్లు. బంతి కోసం పరుగెత్తుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఎవరూ తగల్లేదు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వంగాడు, అలాగే ముందుకు పడ్డాడు. మామూలుగా మనిషి పడితే చేతులు అడ్డం పెట్టుకుంటాడు. ఈ అబ్బాయి పెట్టుకోలేదు. 20 ఏళ్లుగా ఈల ఊదుతున్నాను, అలా పడిన వాడిని చూడలేదు.

జనం లోపలికి వచ్చేశారు. ఫిట్స్ అన్నారు. ఎవరో తాళాల గుత్తి తెచ్చి గుప్పిట్లో పెట్టారు. ఒకాయన నోట్లో నీళ్లు పోయబోయాడు. అవతలి జట్టు గోల్‌కీపర్ నర్సింగ్ చదువుతున్నాడు. అతనొచ్చి అందర్నీ నెట్టేసి ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాడు. చేతులు నొప్పి పుడితే ఇంకొకరికి చూపించి నొక్కించాడు. 108 వచ్చేసరికి 20 నిమిషాలు దాటింది. ఒంగోలు తీసుకెళ్లారు. దేవుడి దయ, ఆ గోల్‌కీపర్ చలవ, అబ్బాయి బతికాడు.

నన్ను పట్టి పీడిస్తున్నది ఆ తర్వాత జరిగింది. అంబులెన్సు గేటు దాటగానే కమిటీ వాళ్లు వచ్చి "ఏం చేద్దాం సార్?" అన్నారు. లైట్లకు జనరేటర్ తెచ్చారు, మరుసటి రోజు ఫైనల్, ఒక జట్టు పొదిలి వైపు నుంచి వ్యాన్ కట్టించుకుని వచ్చింది. నేను రెండు జట్లనూ పిలిచి "ఆడతారా?" అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ కుర్రాడి జట్టులోంచే ఎవరో "ఆడతాం సార్" అన్నారు. నేను ఈల ఊదాను.

అబ్బాయి మొహం మీద చల్లిన నీళ్లకు ఆ చోట మట్టి తడిసి నల్లగా ఉంది. మిగిలిన ఆటంతా ఆ తడిలో ఎవరూ కాలు పెట్టలేదు. ఒకసారి బంతి దొర్లుకుంటూ పోయి సరిగ్గా దాని మధ్యలో ఆగింది. రెండు జట్ల పిల్లలూ చెరో పక్కన నిలబడి చూస్తున్నారు. చివరికి నేనే ఈల ఊది, బంతి తెచ్చి వేరేచోట కింద వదిలి (డ్రాప్ బాల్) ఆట మొదలుపెట్టించాను.

ఆ మ్యాచ్ ఆపేయాల్సిందని నా అభిప్రాయం. మీరేమంటారు? మొహమాటం లేకుండా చెప్పండి.

కమిటీ మనిషి, కావలి

రెఫరీ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ నేను ఎదురు మాట చెప్పాలి. ఎనిమిదేళ్లుగా మా వైపు టోర్నీలు నడుపుతున్నాను కాబట్టి.

ఆట ఆపేస్తున్నామని మైకులో చెప్పామనుకోండి. గ్రౌండ్లో ఉన్న వెయ్యి మంది ఒక్కసారే రోడ్డెక్కుతారు. సగం బైకులు అంబులెన్సు వెనకే పోతాయి. ఆసుపత్రి గేటు దగ్గర గుంపు, లోపల డాక్టర్ల మీద అరుపులు. అదే ఆట నడుస్తుంటే జనం కూర్చునే ఉంటారు, అంబులెన్సుకు దారి ఉంటుంది. ఇది నేను కళ్లారా చూసిన మాట.

రెండోది. ఆడిన పిల్లలు కూలిపోతారని ఎందుకనుకోవాలి? 2021 యూరో కప్పులో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ గుండె ఆగి పడిపోయాడు గదా. అదే రాత్రి మిగిలిన మ్యాచ్ ఆడారు. ఆ జట్టే తర్వాత సెమీస్ దాకా పోయింది.

మూడోది చెప్పడానికి బాగుండదు గానీ చెప్పాలి. ఎవరైనా పడితే మ్యాచ్ రద్దని రూల్ పెడితే, ఓడిపోయే జట్టులో ఒకడు కావాలనే పడతాడు. ప్రైజ్ మనీ ఉన్నచోట ఏదైనా జరుగుతుంది.

పెన్నా గట్టు, నెల్లూరు

అన్నా, డెన్మార్క్ సంగతి మీరు సగమే చెప్పారు.

2021 జూన్ 12, కోపెన్‌హేగన్, ఫిన్‌లాండ్‌తో మ్యాచ్. 43వ నిమిషం దగ్గర ఎరిక్సన్ పడిపోయాడు. కెప్టెన్ కేర్ ముందుగా చేరుకున్నాడు. జట్టంతా చుట్టూ గోడలా నిలబడి కెమెరాలకు అతను కనబడకుండా అడ్డుపడ్డారు. అక్కడే గ్రౌండ్లో షాక్ ఇచ్చి గుండెను మళ్లీ కొట్టుకునేలా చేశారు. అతను స్పృహలో ఉన్నాడని తెలిశాక, దాదాపు గంటా ముప్పావు ఆగి, అదే రాత్రి మ్యాచ్ మొదలుపెట్టారు. ఆటగాళ్లే అడిగారని యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ చెప్పింది. అయితే వాళ్ల ముందు పెట్టినవేంటి? ఈ రాత్రి ఆడండి, లేదంటే రేపు మధ్యాహ్నం ఆడండి. తోటివాడి గుండె ఆగింది ఆ సాయంత్రమే, రాత్రి నిద్ర పట్టదని వాళ్లకు తెలుసు. ఇక రేపు మధ్యాహ్నం అన్నది ఏ దారి? ఆ రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే అది అడిగినట్టు కాదు. మరుసటి రోజు వాళ్ల కోచ్ యూల్‌మండ్ తనే చెప్పాడు, మమ్మల్ని తిరిగి మైదానంలోకి దింపాల్సింది కాదని.

ఆ రాత్రి ఆట ఎలా ఉందో కూడా గుర్తు చేసుకోండి. ఫిన్‌లాండ్‌కు ఒక పెద్ద టోర్నీలో అదే మొదటి గోల్. కొట్టిన పోయన్‌పాలో సంబరం చేసుకోలేదు. డెన్మార్క్‌కు పెనాల్టీ వచ్చింది, ఆ కిక్కులో బలమే లేదు, గోల్‌కీపర్ పట్టేశాడు. 1-0తో ఓడారు. సెమీస్‌కు వెళ్లడం నిజమే, అది వాళ్ల గుండెధైర్యం. ఆ రాత్రి ఆడించడం సరైనదని అది రుజువు చెయ్యదు.

ఇంకో పక్క 2012 మార్చి 17 చూడండి. లండన్‌లో టాటెన్‌హామ్, బోల్టన్ మధ్య ఎఫ్‌ఏ కప్పు క్వార్టర్ ఫైనల్. బోల్టన్ ఆటగాడు ముయాంబా మొదటి సగంలోనే పడిపోయాడు. గుండె 78 నిమిషాలు సొంతంగా కొట్టుకోలేదు. ప్రేక్షకుల్లోంచి ఒక గుండె డాక్టరు కిందికి దిగొచ్చి సాయం చేశాడు. రెఫరీ హోవార్డ్ వెబ్ మ్యాచ్ ఆపేశాడు, పది రోజుల తర్వాత మళ్లీ ఆడించారు. ప్రపంచం ఏమీ మునిగిపోలేదు. ముయాంబా బతికాడు.

2003 జూన్ 26న లియోన్‌లో జరిగింది మాత్రం తలుచుకుంటే కడుపులో దేవేస్తుంది. కాన్ఫెడరేషన్స్ కప్పులో కామెరూన్, కొలంబియా సెమీస్. 72వ నిమిషంలో కామెరూన్ ఆటగాడు మార్క్ వివియెన్ ఫో మధ్య వలయం దగ్గర, చుట్టుపక్కల ఎవరూ లేకుండా పడ్డాడు. స్ట్రెచర్ మీద బయటికి తీసుకెళ్లారు, ఆట నడిచింది. కామెరూన్ 1-0తో గెలిచింది. ఫో చనిపోయాడని ఆట అయ్యాక తెలిసింది. అతనికున్నది గుండె కండరం మందంగా పెరిగే జబ్బు అని తర్వాత తేలింది. మూడు రోజులకే ఫైనల్ కూడా ఆడారు, అతని ఫొటో పట్టుకుని మైదానంలోకి వచ్చారు.

నర్సక్క, ఒంగోలు

ఆపాలా వద్దా అనే ముందు ఒక మాట చెప్పనివ్వండి, దీని అవసరం ఎప్పుడు ఎవరికొస్తుందో తెలియదు.

ఎవరూ తగలకుండా ఆటగాడు పడిపోయి, పిలిస్తే పలకకపోతే, ముందు గుండె అనుకోండి. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో చేతులు, కాళ్లు కొట్టుకోవచ్చు. గురక పెట్టినట్టు, చేప నోరు తెరిచినట్టు ఊపిరి లాగుతారు. అది నిజమైన ఊపిరి కాదు. మనవాళ్లు దాన్ని చూసి ఫిట్స్ అంటారు, తాళాలు తెస్తారు, ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెడతారు. ఈ లోపు మెదడుకు రక్తం పోదు. షాక్ ఇవ్వడం ఆలస్యమైన ప్రతి నిమిషానికీ, ఛాతీ కూడా ఎవరూ నొక్కకపోతే, బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. రెఫరీ గారు చెప్పిన 20 నిమిషాల లెక్క వేసుకోండి, ఆ గోల్‌కీపర్ బాబు లేకపోతే ఏమయ్యేదో తెలుస్తుంది.

ఛాతీ మధ్యలో, రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, పెద్దవాళ్లకైతే 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. నోట్లో నీళ్లు పోయకూడదు. ఒకరు 108కి చేయాలి, ఒకరు నొక్కుతూనే ఉండాలి, రెండు నిమిషాలకొకసారి చేతులు మారాలి.

ఛాతీకి దెబ్బ తగిలి కూడా గుండె ఆగవచ్చు. అమెరికా ఫుట్‌బాల్ వేరే ఆట, అందులో 2023 జనవరి 2న డమార్ హామ్లిన్ అనే ఆటగాడికి ఒకరిని అడ్డుకునేటప్పుడు ఛాతీకి దెబ్బ తగిలింది, లేచి నిలబడి మళ్లీ పడిపోయాడు. గుండె కొట్టుకునే లయలో లిప్తపాటు ఒక సమయం ఉంటుంది. సరిగ్గా అప్పుడు దెబ్బ తగిలితే లయ చెదిరిపోతుంది. గుండె జబ్బేమీ లేని కుర్రాళ్లకూ ఇది వస్తుంది. ఆ మ్యాచ్ ఆ రాత్రి ఆపేశారు, తర్వాత పూర్తిగా రద్దు చేశారు. లీగ్ పట్టికలో రెండు జట్లకూ ఒక మ్యాచ్ తక్కువైంది, ఆ లెక్క ఎలాగో సర్దుకున్నారు. అతను ఆ ఏడాదే మళ్లీ ఆడాడు.

ఇక నా అభిప్రాయం. పక్కవాడి ఛాతీ అంతసేపు నొక్కిన పిల్లలు వణికిపోతుంటారు. వార్డులో మేం శిక్షణ తీసుకున్నవాళ్లం, మాకే ఆ తర్వాత కాసేపు చేతులు ఆడవు. ఆ గోల్‌కీపర్ బాబు తిరిగి గోల్‌లో నిలబడ్డాడా? ముందు అది చెప్పండి.

రెఫరీ, కందుకూరు

నిలబడ్డాడమ్మా. గ్లవ్స్ వేసుకోలేకపోయాడు, నేనే పట్టీ బిగించాను.

కమిటీ మనిషి, కావలి

అక్కా, మీరు చెప్పిన పద్ధతి మా కుర్రాళ్లకు నేర్పిస్తాను, మాటిస్తున్నాను. కానీ నా మూడు ప్రశ్నల్లో ఒక్కదానికే జవాబొచ్చింది. జనం సంగతేంది? దొంగ నాటకాల సంగతేంది?

చీమకుర్తి

అన్నా, నేను ఫుట్‌బాల్ ఆడను, చూస్తాను. గ్రానైట్ క్వారీలో పన్నెండేళ్లు చేశాను. మా దగ్గర మనిషి రాయి కింద పడినా, కళ్లు తిరిగి పడినా, ఆ గుంటలో ఆ రోజుకి మిషను ఆగేది. ఎవరూ అడిగేవాళ్లు కాదు, ఎవరూ చెప్పేవాళ్లు కాదు. మేస్త్రీ చెయ్యి ఊపితే క్రేన్ డ్రైవర్ తాళం తీసి జేబులో వేసుకునేవాడు. మరుసటి రోజు పొద్దున మళ్లీ పని. మాకూ కూలి పోయేది, ఓనరుకూ నష్టమే. క్వారీలోనే ఆగుతున్నప్పుడు పండగ ఆట ఎందుకు ఆగదు?

జనం సంగతి అంటారా, ఆట నడిస్తే కూర్చుంటారు నిజమే. పదిహేను నిమిషాలు మైకులో అబ్బాయి పరిస్థితి చెబుతూ ఉన్నా కూర్చుంటారు. జనం వెళ్లిపోయేది ఏమైందో తెలియక.

పెన్నా గట్టు, నెల్లూరు

చీమకుర్తి అన్న చెప్పింది కోపెన్‌హేగన్‌లో నిజంగా జరిగింది. ఆట ఆగి ఉన్నంతసేపు జనం కదల్లేదు. ఫిన్‌లాండ్ వాళ్లు ఒక పక్క నుంచి "క్రిస్టియన్" (ఎరిక్సన్ మొదటి పేరు) అని అరిస్తే, డెన్మార్క్ వాళ్లు ఇంకో పక్క నుంచి "ఎరిక్సన్" అన్నారు. జనం ఉండిపోవడానికి బంతి అక్కర్లేదు.

దొంగ నాటకాలకు నా జవాబు ఇది. ఆపేశాక మళ్లీ ఎలా ఆడిస్తామన్న దాని మీదే ఉంది కిటుకు. ఇంగ్లండ్‌లో 2023 డిసెంబర్ 16న బోర్న్‌మౌత్‌తో ఆడుతూ లూటన్ కెప్టెన్ లాకియర్ 59వ నిమిషంలో గుండె ఆగి పడ్డాడు. అప్పటికి 1-1. మ్యాచ్ ఆపేసి, 2024 మార్చిలో మొదటి నిమిషం నుంచి మళ్లీ ఆడించారు. లూటన్ 3-0తో ముందుకెళ్లి 4-3తో ఓడింది. ఇటలీలో పద్ధతి వేరు. 2024 ఏప్రిల్‌లో రోమా ఆటగాడు ఎన్‌డికా ఛాతీ నొప్పితో 72వ నిమిషంలో పడ్డాడు. మ్యాచ్ ఆపారు, పదకొండు రోజులకు 72వ నిమిషం నుంచే, 1-1 దగ్గర నుంచే మిగిలింది ఆడించారు. అదే ఏడాది డిసెంబర్ 1న ఫియోరెంటినా కుర్రాడు బోవే 17వ నిమిషంలో పడితే, 2025 ఫిబ్రవరిలో 17వ నిమిషం నుంచి మొదలుపెట్టారు.

మన టోర్నీలకు ఇటలీ పద్ధతే మంచిది. ఆగిన నిమిషం, ఆగిన స్కోరు, అక్కడి నుంచే. 2-0తో ఓడిపోతున్న జట్టువాడు పడితే మళ్లీ 2-0 నుంచే ఆడాలి. ఇక నాటకం ఆడి లాభమేముంది?

పీఈటీ, కనిగిరి

అందరూ రాసింది చదివాను. పెన్నా గట్టు తమ్ముడు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఫుట్‌బాల్ నియమాల్లో 5వది రెఫరీ గురించి, 7వది ఆట సమయం గురించి. ఆటగాడికి తీవ్రంగా దెబ్బ తగిలితే ఆట ఆపే అధికారం రెఫరీకి ఉంది. మధ్యలో రద్దయిన మ్యాచ్‌ను మళ్లీ మొత్తం ఆడాలి, పోటీ నియమాల్లో వేరేగా రాసుకుంటేనో, నిర్వాహకులు వేరేగా నిర్ణయిస్తేనో తప్ప. కాబట్టి ఇటలీ పద్ధతి కావాలంటే టోర్నీకి ముందే కాగితం మీద ఉండాలి. పడిపోయాక గ్రౌండ్లో నిలబడి మాట్లాడుకోకూడదు.

కావలి అన్నగారూ, మీ మీద నాకు గౌరవం ఉంది. సొంత డబ్బు పెట్టి ఆడిస్తారని తెలుసు. కానీ "ఆటగాళ్లే ఆడతామన్నారు" అనే మాట ఏ కమిటీ అయినా ఇక వాడకూడదు. స్కూల్ పిల్లలతో 22 ఏళ్లుగా ఉన్నాను. అంతమంది ముందు, సీనియర్ల ముందు, రెఫరీ ముందు ఏ కుర్రాడూ "నాకు భయంగా ఉంది, ఆడలేను" అనడు. అడిగామంటే అప్పుడే జవాబు చెప్పేశామన్నమాట.

చిన్న గాయాలకు కాదు నేను చెప్పేది. కాలు విరిగితే స్ట్రెచర్ మీద పంపించి ఆడుకోండి. మనిషికి స్పృహ పోయి, ఛాతీ నొక్కాల్సి వస్తే మాత్రం ఆ రోజుకి అయిపోయినట్టే.

కమిటీ మనిషి, కావలి

మాస్టారూ, ఇంతమంది చెప్పాక నేను మొండిగా ఉండను. ఆగిన చోటు నుంచే ఆడించేటట్లయితే నాకు అభ్యంతరం లేదు. జనరేటర్ అద్దె మళ్లీ కట్టుకుంటాం, అది మా బాధ. ఒక్కటి మాత్రం మనసులో ఉంది. దూరం నుంచి వచ్చిన జట్టు, చెన్నైలో పనిచేసే పిల్లలు పండగ సెలవు అయిపోయి వెళ్లిపోతే రెండోసారి ఎట్ట వస్తారు? అప్పుడు మ్యాచ్ ఎవరికిస్తారు? దీనికి ఇంకా మంచి జవాబు దొరకలేదు నాకు.

నాలుగో నంబర్

రెఫరీ సార్, నమస్తే. ఆ రోజు ఆ అబ్బాయి బదులు దిగింది నేనే. "ఆడతాం సార్" అన్నది కూడా నేనే.

ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. వాడు నాకు ఆరో తరగతి నుంచి ఫ్రెండ్. అంబులెన్సు వెళ్లాక అందరూ మమ్మల్నే చూస్తున్నారు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి. ఆడనంటే మ్యాచ్ అవతలివాళ్లకు ఇస్తారేమో, రేపు వాడు లేచి "నా వల్ల ఓడిపోయారా" అంటాడేమో అని భయమేసింది. అందుకే అన్నాను. మీరు అడక్కుండా "ఇంటికెళ్లండి రా" అని ఉంటే వ్యాన్ ఎక్కి ఒంగోలు పోయేవాళ్లం. మేమంతా కోరుకున్నది అదే.

నాలుగో రోజు వార్డులో చూడనిచ్చారు. వాడు అడిగిన మొదటి మాట, మ్యాచ్ ఏమైంది రా అని. ఓడిపోయామని చెప్పలేక, ఆపేశారని చెప్పాను. వాడు నవ్వాడు. వాళ్లమ్మ పక్కనే ఉంది, "మంచి పని చేశారు నాయనా" అంది. వారం తర్వాత ఎవరి స్టేటస్‌లోనో కప్పు ఫొటో చూశాడు. నాకు ఫోన్ చేశాడు. "ఆడారా?" అన్నాడు. ఊ అన్నాను. "సరేలే" అని పెట్టేశాడు. ఇప్పుడు బాగానే మాట్లాడుతున్నాడు. ఆ విషయం మాత్రం ఎత్తడు, నేనూ ఎత్తను.

రెఫరీ, కందుకూరు

నాయనా, ఆ మాట నీతో అనిపించింది నేను. నీ తప్పు లేదు. నేను వచ్చి ఆ అబ్బాయికీ, వాళ్లమ్మగారికీ ఈ మాట చెబుతాను. వాళ్లకు ఇష్టమైతేనే, ఎప్పుడు రమ్మంటారో అడిగి చెప్పు.

ఉగాది టోర్నీకి నన్ను పిలిచారు. ఈల తీసుకునే ముందు నియమాల కాగితంలో ఇది రాస్తేనే వస్తానని చెప్పాను:

"ఆటగాడు స్పృహ తప్పి, ఛాతీ నొక్కాల్సి వచ్చినా, స్పృహ లేకుండా అంబులెన్సులో వెళ్లినా, ఆ రోజుకి మ్యాచ్ ఆగిపోతుంది. ఆడతారా అని ఆటగాళ్లను ఎవరూ అడగకూడదు. నిమిషం, స్కోరు రాసుకుని ఇద్దరు కెప్టెన్ల సంతకాలు తీసుకోవాలి. మిగిలిన ఆట మరో రోజు అక్కడి నుంచే. ఏ జట్టైనా రాలేకపోతే ప్రైజ్ మనీ ఇద్దరికీ సమానం. ఆట మొదలయ్యే ముందు ఛాతీ నొక్కడం తెలిసిన ఇద్దరి పేర్లు మైకులో చెప్పాలి."

కావలి అన్నా, సమానం అన్నది మీ ప్రశ్న కోసం పెట్టాను. సరిపోతుందో లేదో చూసి చెప్పండి. ఒంగోలు అక్కా, ఆదివారం పొద్దున ఏడింటికి స్కూల్ గ్రౌండ్లో పిల్లల్ని కూర్చోబెడతాను. మీకు డ్యూటీ లేకపోతే వచ్చి నేర్పించండి. నొక్కి చూపించడానికి బొమ్మ లేదు, గట్టి దిండ్లు తెస్తాను.

నర్సక్క, ఒంగోలు

నైట్ డ్యూటీ దిగి వస్తాను. దిండ్లు నాలుగు తెండి.